లేదనుట వేరు, తెలియదనుట వేరు

మేము వృత్తిరీత్యా తెలుగు అధ్యాపకులము. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో, చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతోనే ఎందుకు మొదలైనదని మా గురువుగారిని ఒకసారి అడిగాము. "పేర్లు కుదరనిదే మాట ముందుకు సాగదు నాయనా" అని వారు సమాధానం చెప్పారు. ఆ మాటకు పూర్తి అర్థం వ్యాకరణ తరగతిలో కాక, చాలా ఏళ్ళ తరువాత ఈ కళాశాల కంప్యూటరు గదిలో మాకు తెలిసివచ్చినది. సంచికకు ఒక సాహిత్య వ్యాసం వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకవర్గం వారు కోరారు. మేము మాత్రం కంప్యూటర్లు ఒకదానినొకటి పేరు పెట్టి పిలుచుకొనే పద్ధతిని గురించి, ఆ విషయంలో మేము చేసిన ఒక పొరపాటును గురించి వ్రాయదలచాము. ఆ పొరపాటు వలన నష్టపోయినది మేము కాదు. మన విద్యార్థిని ఒకతె. కనుకనే దీనిని దాచుకొనక నలుగురి ఎదుట చెప్పుట మా విధి అనుకొంటున్నాము.

తెలుగు చెప్పేవారికి కంప్యూటరు గదితో ఏమి పని అని కొత్త విద్యార్థులు అడుగవచ్చు. మూడేళ్ళ క్రిందట కంప్యూటరు శాఖలో పనిచేసే మిత్రులు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయారు. ఆ స్థానం వెంటనే భర్తీ కాలేదు. మేము డి.టి.పి. నేర్చుకొన్నామని, ఈ సంచిక తెలుగు పుటలను మేమే కూర్చుతామని ఎరిగిన కమిటీ పెద్దలు, "కొన్నాళ్ళు మీరే చూస్తూ ఉండండి సార్" అన్నారు. ఆ కొన్నాళ్ళు నేటికీ పూర్తి కాలేదు. మిత్రులు పోతూ పోతూ ఒక తాళం చెవుల గుత్తి, ఒక నోటు పుస్తకం మా చేతిలో పెట్టారు. ఆ పుస్తకంలో సగం పుటలు ఖాళీ.

మన కళాశాలకు రెండు భవనాలు ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. బజారు వెనుక పాత భవనంలో కార్యాలయం, గ్రంథాలయం, ఉర్దూ శాఖ ఉన్నవి. ఊరి చివర కొత్త భవనంలో బాలికల తరగతులు, తెలుగు శాఖ, సైన్సు ప్రయోగశాలలు ఉన్నవి. నడుమ రెండు కిలోమీటర్ల దూరం. రెండు భవనాలలోను కంప్యూటర్లు ఉన్నవి. కాని వాటిని వేరువేరు కాలాలలో, వేరువేరు మనుష్యులు అమర్చారు. ఒక చోటి యంత్రాలకు రెండవ చోటి యంత్రాల ఊసు లేదు. హాజరు పట్టికలు, ప్రవేశ దాఖలాలు కావలసిన బాలికలు ఆటో ఎక్కి పాత భవనానికి పోవలసి వచ్చేది. నిరుడు వేసవిలో కమిటీవారు కొంత సొమ్ము మంజూరు చేయగా, ఊరి కేబుల్ నిర్వాహకుని ద్వారా రెండు భవనాల నడుమ ఫైబరు తీగె వేయించాము.

ఇక్కడ విషయం కొంత విప్పి చెప్పవలెను. కంప్యూటర్లు పరస్పరం అంకెలతో గుర్తించుకొంటవి. సాధారణంగా మనము చూచే ఐ.పి. చిరునామాలో నాలుగు అంకెలు ఉంటవి. ఒక్కొక్కటి 0 నుండి 255 లోపల ఉంటుంది. లోకమంతటికీ చాలినన్ని చిరునామాలు లేవు కనుక, సంస్థలు తమ గోడల లోపల మాత్రమే వాడుకొనుటకు కొన్ని అంకెలను 1996లో ప్రత్యేకించారు. 10తో మొదలయ్యేవి, 172.16 మొదలు 172.31 వరకు గలవి, 192.168తో మొదలయ్యేవి అట్టివి. వీటిని ఎవరైనా తమ ఇంటిలో వాడుకొనవచ్చు. చిక్కు ఏమనగా, ఎవరికి వారు వాడుకొన్న రెండు ఇళ్ళను తరువాత కలుపవలసి వస్తే, రెండింటిలోను అవే అంకెలు ఉండవచ్చు. మనకు జరిగినది అదే. రెండు భవనాలలోను 192.168.1 వరుసయే ఉన్నది. రెండు వీధులకు ఒకే పేరు, ఇళ్ళకు అవే నంబర్లు ఉన్న ఊరిలో ఉత్తరం ఎక్కడికి పోగలదు? కావున మేము, ల్యాబ్ సహాయకుడు కలిసి పది సాయంత్రాలు కూర్చొని, పాత భవనానికి 10.10 వరుసను, కొత్త భవనానికి 10.20 వరుసను ఇచ్చాము.

ఆ పని ముగిసిన సాయంత్రం కొత్త భవనం నుండి పాత భవనపు యంత్రాన్ని అంకెతో పలుకరించగా, అది వెంటనే బదులు పలికినది. మేము మిఠాయి తెప్పించి పంచాము. "ఇకమీదట బాలికలు దాఖలాల కోసం పాత భవనానికి పోనక్కరలేదు" అని నోటీసు బోర్డులో కూడా పెట్టించాము. తీగె కలిసినది కనుక అంతా కలిసినదని మేము భావించాము. అది మా మొదటి తప్పు.

నోటీసు పెట్టిన మూడవ వారంలో ఉపకార వేతనపు దరఖాస్తులకు చివరి రోజు వచ్చినది. దాదాపు అందరూ అంతకు ముందే పాత భవనానికి పోయి పని ముగించుకొన్నారు. బి.ఏ. రెండవ సంవత్సరపు అమ్మాయి ఒకతె, తల్లికి జబ్బు చేయగా వారం రోజులు ఊరిలోనే ఉండిపోయి, ఆనాటి మధ్యాహ్నం మా గదికి వచ్చినది. ప్రవేశ సంఖ్య, హాజరు శాతం కలిగిన కాగితం ఆమెకు కావలెను. మేము ఎంతో ధీమాగా దాఖలాల యంత్రం పేరు టైపు చేశాము. పట్టిక తెరుచుకొన్నది. అందులో ఆమె పేరు లేదు. మరల వెదికాము. ఇంటిపేరుతో వెదికాము, తండ్రి పేరుతో వెదికాము. లేదు.

"నీ పేరు ఇందులో లేదమ్మా. ప్రవేశం సరిగా నమోదు కాలేదేమో. ఇంటికి వెళ్ళి ఫీజు రసీదులు తీసికొని రా" అన్నాము.

"ఉండాలి సార్. నిరుడు ఆఫీసులో అన్నీ ఇచ్చాను సార్" అని ఆమె మెల్లగా అన్నది.

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా" అన్నాము మేము.

ఆమె ఊరు చేరుటకు రెండు బస్సులు మారవలెను. మరునాడు ఉదయం రసీదులతో వచ్చేసరికి గడువు ముందు రాత్రితోనే ముగిసిపోయినది. అప్పుడు మేము పాత భవనంలోని ఉర్దూ శాఖ మిత్రులకు ఫోను చేశాము. వారు తమ బల్ల ముందరి కంప్యూటరులో అదే పేరు టైపు చేసి, అర నిమిషంలో, "మాస్టర్ సాబ్, ఆ అమ్మాయి పేరు ఇక్కడ మొదటి పుటలోనే ఉన్నది కదా" అన్నారు.

మేము ఇక్కడ టైపు చేసినదీ, వారు అక్కడ టైపు చేసినదీ ఒకే పేరు. ఒకే కళాశాల. ఒకే తీగె. ఐనా మాకు కనబడినది వేరు, వారికి కనబడినది వేరు. ఆ ఏడాది ఆ అమ్మాయికి ఉపకార వేతనం రాలేదు. ప్రిన్సిపాల్ గారి చొరవతో ఫీజు సర్దుబాటు అయినది. కాని సర్దుబాటు వేరు, హక్కు వేరు.

ఈ సంఘటన మమ్ము ఇంతగా కలచివేయుటకు మరొక కారణం ఉన్నది. ఎం.ఏ. ముగించి మేము ఊరిలో ఉన్న రోజులలో, ఒక కళాశాల నుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినది. పాఠశాల దాఖలాలలో మా పేరు నాలుగు మాటలది. ఊరిలో మాత్రం మమ్ము చిన్నప్పటి నుండి అందరూ "చిన్నసాయబు" అనే పిలిచేవారు. మా వీధిలో సగం ఇళ్ళకు ఇంటిపేరు షేక్. ఉత్తరం తెచ్చిన కుర్రవాడు ఊరికి కొత్త. అతడు తన వద్ద నున్న పేర్లలో వెదికి, కవరు మీద "అట్టి పేరు గలవారు లేరు" అని వ్రాసి తిప్పి పంపినాడు. ఆ సమయంలో మేము అక్కడికి యాభై అడుగుల దూరంలో అరుగు మీద కూర్చొని ఉన్నాము. మసీదు ప్రక్కన దర్జీ కొట్టులో ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఉత్తరం మా చేతికి వచ్చేది. తిరిగివచ్చిన ఆ కవరును కొన్ని నెలల తరువాత ఆ కళాశాల కార్యాలయంలో చూచాము. "లేరు" అన్న ఆ మాట మా కన్నులలో చాలా కాలం నిలిచిపోయినది. మాకు ఎవరో చేసిన పనినే మేము ఆ అమ్మాయికి చేశామని ఫోను పెట్టివేసిన క్షణంలో తోచినది.

సరే, అసలు లోపం ఎక్కడ ఉన్నది? అంకెలను మనుష్యులు గుర్తుంచుకొనలేరు కనుక పేరుకు, అంకెకు ముడివేసే పుస్తకం ఒకటి ప్రతి చోటా ఉంటుంది. ఆ పుస్తకాన్ని చూచి సమాధానం చెప్పే యంత్రాన్ని నేమ్ సర్వర్ అంటారు. ఈ పద్ధతి మొత్తానికి డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తంగా డి.ఎన్.ఎస్. అని పేరు. మన రెండు భవనాలలోను చెరియొక నేమ్ సర్వర్ ఉన్నది. రెండింటినీ అమర్చినవారు, ఒకరి సంగతి ఒకరికి తెలియక, కళాశాలకు "కాలేజ్.లోకల్" అన్న పేరునే పెట్టారు. దాఖలాల యంత్రం పేరు రెండు పుస్తకాలలోను ఉన్నది. పాత భవనపు పుస్తకంలో అది అసలు యంత్రాన్ని చూపుతుంది. కొత్త భవనపు పుస్తకంలో, రెండేళ్ళ క్రిందట ఎవరో పరీక్ష కోసం నకలు ఎక్కించి మరచిపోయిన ఒక పాత డబ్బాను చూపుతుంది. ఆ నకలు నాటికి ఆ అమ్మాయి మన కళాశాలలో చేరనే లేదు. యంత్రం అబద్ధం చెప్పలేదు. మేము ఏ యంత్రాన్ని అడుగుతున్నామో మాకు తెలియలేదు.

మొదట మేము సులువైన మార్గం త్రొక్కాము. కొత్త భవనంలోని 32 కంప్యూటర్లలో ఒక్కొక్క దానిలోను ఉండే చిన్న పట్టికలో, దాఖలాల యంత్రపు అసలు అంకెను చేతితో వ్రాశాము. నెల తిరుగక ముందే కార్యాలయంవారు ఆ యంత్రాన్ని మార్చారు, అంకె మారినది. మా 32 చేతిచీటీలు ఒక్కసారిగా తప్పులైనవి.

అప్పుడు కూర్చొని ఈ శాస్త్రపు చరిత్ర చదువగా, ఒకనాడు లోకమంతా ఈ దారినే నడచి ఇదే గోతిలో పడినదని తెలిసినది. అమెరికాలో ఆర్పానెట్ అన్న తొలి నెట్‌వర్కు నడిచిన రోజులలో, అన్ని యంత్రాల పేర్లూ ఒకే పట్టికలో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ గారి ఆధ్వర్యంలో ఒక కార్యాలయం ఆ పట్టికను దిద్దుతూ ఉండేది. ఎవరైనా కొత్త యంత్రం పెట్టుకొంటే వారికి తెలియజేయవలెను. తక్కినవారు ఆ పట్టికను తెచ్చుకొని నకలు చేసికొనవలెను. యంత్రాలు పెరిగేకొద్దీ పట్టిక బరువెక్కినది, నకళ్ళు పాతబడినవి, ఒకే పేరు కోసం ఇద్దరు పోటీపడే పరిస్థితి వచ్చినది. 1983లో పాల్ మొకపెట్రిస్ అన్న శాస్త్రవేత్త దీనికి మార్గం చూపినాడు. ఆయన పద్ధతి 1987లో మరింత స్థిరమైన రూపం పొంది నేటికీ నడుస్తున్నది.

ఆ మార్గపు సారాంశం మా వంటి వారికి కూడా అర్థమయ్యేటంత సరళమైనది. అన్ని పేర్లూ ఒక్కరే ఎరిగి ఉండనక్కరలేదు. ఎవరి పేటకు వారే పెద్ద. తన పేటలోని పేరును గురించి అడిగితే తానే చెప్పవలెను. ఇతర పేటల పేరును గురించి అడిగితే, తెలిసినవారిని అడిగి చెప్పవలెను, లేదా ఎవరిని అడుగవలెనో చెప్పవలెను. లోకంలో ఈ వరుసకు శిఖరాన 13 పేర్లతో మూల సర్వర్లు ఉన్నవి. వాటికి మన కళాశాల పేరు తెలియదు. ఏ తోక గల పేరుకు ఎవరు పెద్ద అన్నది మాత్రమే తెలుసు. ఆ కొద్దిపాటి జ్ఞానంతోనే లోకమంతా నడుస్తున్నది.

ఈ పద్ధతిలో ఒక నేమ్ సర్వర్ మనకు ఇచ్చే సమాధానాలు నాలుగు విధాలు. ఒకటి, ఇదిగో అంకె అనుట. రెండు, ఫలానావారిని అడుగుమనుట. మూడు, నాకు సాధ్యం కాలేదనుట. నాలుగు, అట్టి పేరే లేదనుట. ఈ నాలుగవ దానికి యంత్రాల భాషలో ఎన్.ఎక్స్. డొమైన్ అని పేరు. మూడవదానికి, నాలుగవదానికి ఉన్న భేదాన్ని విద్యార్థులు బాగుగా గుర్తించవలెను. సాధ్యం కాలేదని ఒకరు అంటే, అడిగిన యంత్రం మరొకరిని అడిగి చూస్తుంది. లేదని ఒకరు అంటే, ఇక వెదుకులాట అక్కడితో ఆగిపోతుంది. కావున లేదనే హక్కు ఆ పేటకు పెద్ద అయినవానికే ఉండవలెను.

మన కొత్త భవనపు సర్వర్ చేసిన నేరం ఇదే. "కాలేజ్.లోకల్" అంతటికీ తానే పెద్దనని అది నమ్మినది. ఆ నమ్మకం ఉన్నంత వరకు అది పాత భవనాన్ని అడుగదు. తన పుస్తకంలో ఉంటే చెబుతుంది. లేకుంటే లేదని తేల్చివేస్తుంది. రెండవ భవనాన్ని అడుగుమని మేము వ్రాసిన ఆజ్ఞలను సైతం అది పట్టించుకొనలేదు.

కనుక మొదట పేటలను విడదీశాము. "లోకల్" అన్న తోకను 2013లోనే వేరొక పనికి ప్రత్యేకించారని, సంస్థల అంతరంగిక వాడుకకు "ఇంటర్నల్" అన్న తోకను 2024లో కేటాయించారని చదివి, పాత భవనానికి "పాత.కాలేజ్.ఇంటర్నల్" అని, కొత్త భవనానికి "కొత్త.కాలేజ్.ఇంటర్నల్" అని పేర్లు పెట్టాము. పిదప కొత్త భవనపు సర్వర్‌లో, "పాత" పేట పేరు ఎవరైనా అడిగితే 10.10 వరుసలోని సర్వర్‌ను అడిగి చెప్పుమని వ్రాశాము. పాత భవనంలో దీనికి సరిగా ఎదురు ఆజ్ఞ వ్రాశాము. దీనిని కండిషనల్ ఫార్వర్డింగ్ అంటారు. రెండు వైపులా వ్రాయుట ముఖ్యం. ఒక వైపే వ్రాస్తే ఒకరికి తెలిసి, రెండవవారికి తెలియని ఏకపక్షపు చుట్టరికం అవుతుంది. మేము మొదటి రోజున ఒక వైపే వ్రాసి, ఉర్దూ శాఖవారి చేత చీవాట్లు తిన్నాము.

అంతటితో కథ ముగియలేదు. నడుమ నున్న ఫైర్‌వాల్ నేమ్ సర్వర్ల మాటలను ఆపివేస్తున్నది. ఈ సంభాషణ 53వ నంబరు ద్వారం గుండా జరుగుతుంది. చిన్న ప్రశ్నలు యు.డి.పి. అన్న పద్ధతిలోను, పెద్ద సమాధానాలు టి.సి.పి. అన్న పద్ధతిలోను పోతవి కనుక రెండింటికీ ద్వారం తెరిచాము. ఆపైన మరొక విచిత్రం జరిగినది. నేటి సర్వర్లు సమాధానం నిజమైనదో కాదో శిఖరం వరకు పోయి సాక్ష్యం అడుగుతవి. మన అంతరంగిక పేరు శిఖరాన ఉండదు కదా! అక్కడ సంతకంతో సహా లేదనే చెబుతారు. ఆ సాక్ష్యం చూచి మన సర్వర్ పొరుగు భవనపు మాటను నమ్ముట మానినది. ఈ ఒక్క తోక విషయంలో శిఖరపు సాక్ష్యం అడుగవద్దని ప్రత్యేకంగా మినహాయింపు వ్రాయవలసి వచ్చినది.

ఇక చివరి చిక్కు మా అతి జాగ్రత్త వలన కలిగినది. మన సర్వర్ ఆగిపోతే అక్కరకు వస్తుందని, ప్రతి కంప్యూటరులోను రెండవ దిక్కుగా బయటి లోకపు ఒక సార్వజనిక సర్వర్ అంకెను కూడా వ్రాసి ఉంచాము. మొదటివానికి తెలియనిది రెండవవాడు చెబుతాడని మా ఊహ. కాని యంత్రం ఆ విధంగా ఆలోచించదు. మొదటి సర్వర్ పలుకుట ఆలస్యమైన ప్రతిసారి అది బయటివానిని అడిగినది. బయటివానికి మన గోడల లోపలి పేర్లు తెలియవు, లేదని చెప్పినాడు. ఆ లేదును మన కంప్యూటర్లు నమ్మినవి. మీదు మిక్కిలి, లేదన్న సమాధానాన్ని కూడా కొంతసేపు జ్ఞాపకం ఉంచుకొనే ఏర్పాటు ఈ పద్ధతిలో ఉన్నది. అందువలన మేము అన్నీ సరిచేసిన తరువాత కూడా కొన్ని యంత్రాలు పాత లేదునే వల్లెవేసినవి. ఒకసారి పలికిన లేదు, తప్పు దిద్దుకొన్న తరువాత కూడా కొంతకాలం బ్రతికే ఉంటుంది. యంత్రాలలో అది నిమిషాలు, గంటలు. మనుష్యులలో ఎంతకాలమో మా కవరు సంగతి చదివినవారు ఊహించుకొనవచ్చు.

బయటివాని అంకెను అన్ని కంప్యూటర్ల నుండి తొలగించి, జ్ఞాపకాలను తుడిపివేసి, ఆ మరచిపోయిన పాత డబ్బాను విప్పి అటక మీద పెట్టి, ఒక శనివారం సాయంత్రం మరల ఆ అమ్మాయి పేరు వెదికాము. ఈసారి వచ్చినది. ఆ సంగతి ఆమెకు చెప్పి, మా తప్పును మన్నింపుమని అడిగాము. పిల్లలు పెద్దలకన్న ఉదారులు. ఆమె తల వంచుకొని, "పర్వాలేదు సార్. కాని ఆ రోజు మీరు పాత బిల్డింగుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేది సార్" అన్నది.

మేము నెలల తరబడి చదివి, తంటాలు పడి, రెండు సర్వర్లకు నేర్పిన విద్య అంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. నీ పుస్తకంలో లేకుంటే లేదనకు, పొరుగువానిని అడుగు.

ఈ మాట యంత్రాలకే కాదు, మన కళాశాలకు కూడా వర్తిస్తుందని మేము తలుస్తాము. మన సంచిక సగం ఉర్దూ, సగం తెలుగు. ఒకటి కుడి నుండి, ఒకటి ఎడమ నుండి తెరుచుకొంటుంది. రెండు అట్టల నడుమ ఒకే దారంతో కుట్టిన పుస్తకం. ఐనా ఎంతమంది విద్యార్థులు రెండవ సగం తిప్పి చూస్తారు? మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెలుగులో ముస్లిం కవులు ఎవరున్నారు, ఎవరూ లేరు కదా అని ఒక పెద్దమనిషి మా ముఖం మీదనే అన్నారు. పిఠాపురపు ఉమర్ ఆలీషా వంటి కవి ఒకరు ఉన్నారని వారికి తెలియదు. తెలియకపోవుట తప్పు కాదు. లేరనుట తప్పు. అదే విధంగా, తెలుగు శాఖ విద్యార్థి ఎవరైనా వచ్చి ఒక ఉర్దూ కవిని గురించి అడిగితే, మాకు తెలియదని మేము నిస్సంకోచంగా చెప్పవచ్చు. కాని అక్కడితో ఆగక, పాత భవనంలో ఫలానా సాహెబ్ గారిని అడుగుమని చీటీ వ్రాసి పంపవలెను. అధ్యాపకునికి అన్నీ తెలియుట కన్న, ఎవరికి ఏది తెలుసో తెలియుట ఎక్కువ ప్రయోజనకరం.

నేడు ఇంటర్నెట్టులో మన దేశపు పేరును తెలుగు లిపిలో "భారత్" అన్న తోకగా వాడుకొనవచ్చు. ఉర్దూ లిపిలోను వాడుకొనవచ్చు. యంత్రాల లోపల ఈ రెండూ ఇంగ్లీషు అక్షరాలుగా మారి, రెండు వేరువేరు పేర్లుగానే నమోదై ఉంటవి. ఒక పేరు మరొక పేరును తుడిపివేయలేదు. రెండూ ఒకే దేశాన్ని చూపుతవి. రెండు భాషల కళాశాలలో ఉన్న మనకు ఇది చాలా సంతోషం కలిగించే సంగతి.

కమిటీ పెద్దలకు ఒకటి రెండు మనవులు చేసి ముగిస్తాము. ప్రతి భవనంలోను ఒక్కటే నేమ్ సర్వర్ ఉన్నది. అది ఆగితే పేర్లన్నీ ఆగుతవి. రెండవది ఒకటి మంజూరు చేయవలసినదిగా కోరుతున్నాము. మేము చేసిన మార్పులన్నీ, తేదీలతో సహా, ఆ నోటు పుస్తకపు ఖాళీ పుటలలో వ్రాసి ఉంచాము. రేపు ఈ పనికి వచ్చేవారు మావలె చీకటిలో తడుముకొనకూడదు. ఇక ఏ విద్యార్థి వచ్చి ఏ కాగితం అడిగినా, రెండవ భవనాన్ని విచారింపక లేదని చెప్పి పంపరాదని కార్యాలయంలో ఒక నియమం పెట్టవలసినదిగా ప్రార్థన. ఈ నియమానికి సొమ్ము అక్కరలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు మూడవ సంవత్సరంలో ఉన్నది. ఈ ఏడాది దరఖాస్తును గడువుకు పది రోజుల ముందే మా గదిలో కూర్చొని నింపినది. కాగితం చేతికి అందిన తరువాత కూడా లేవక, తన పేరును తెర మీద ఒకసారి చూచుకొని వెళ్ళినది.